వైబ్రేషన్ చెప్పులా, స్మార్ట్‌కేనా, చేతి బ్యాండా? నాన్నగారి కోసం సలహా కావాలి

గౌతమి_గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. షుగరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రెటినోపతితో, అంటే షుగరు వల్ల కంటి వెనక పొర పాడై, చూపు చాలావరకు పోయింది. లేజరు, కంటి ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, దగ్గరగా నిలబడితే మనిషి ఆకారం తెలుస్తుంది, అంతే.

సాయంత్రం గోదావరి గట్టు దాకా నడిచి వెళ్లడం ఆయనకి ఏళ్ల తరబడి అలవాటు. మానరు. మానమని చెప్పడం మాకూ ఇష్టం లేదు. తెలిసిన దారి కాబట్టి గతుకులూ మెట్లూ ఆయన కాళ్లకి తెలుసు. దెబ్బలన్నీ పైనే తగులుతున్నాయి. ఆపి ఉన్న లారీ వెనక తలుపు, ఇంటి ముందుకి పొడుచుకొచ్చిన రేకుల షెడ్డు అంచు, వంగిన కొమ్మ. కిందటి నెల నుదుటి మీద కుట్లు పడ్డాయి.

కర్ర పట్టుకోమంటే ఒప్పుకోవడం లేదు. "నా దగ్గర చదువుకున్న పిల్లలు ఊరంతా ఉన్నారు, వాళ్ల ఎదుట కర్రతోనా" అంటున్నారు. అందుకే పైకి కనబడనిదేదైనా ఉందా అని వెతుకుతున్నాను. కాళ్లకి వైబ్రేషన్ ఇచ్చే చెప్పులు హైదరాబాదులోనే తయారయ్యాయని చదివాను. చేతికి కట్టుకునే బ్యాండ్లు, ఐఐటీ వాళ్ల స్మార్ట్‌కేన్ గురించి కూడా విన్నాను. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

---

తెల్లకర్ర (హైదరాబాదు)

గౌతమి గారూ, నేను పుట్టుకతో అంధుణ్ణి. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. మీ నాన్నగారిదీ నాదీ ఒకే వృత్తి కాబట్టి కాస్త చనువుగా రాస్తున్నాను.

ముందు ఒక తేడా చెప్పాలి. మీరు అడిగిన మూడూ చేసేది ఒకే పని కాదు. మీరు చదివిన చెప్పులు లేచల్ అయి ఉంటాయి. సికింద్రాబాదులో డుసేర్ టెక్నాలజీస్ అనే సంస్థ పెట్టి క్రిస్పియన్ లారెన్స్, అనిరుధ్ శర్మ తెచ్చినవి. 2014లో బాగా ప్రచారమయ్యాయి. ఫోనులో వెళ్లాల్సిన చోటు పెడితే, ఎడమకి తిరగాల్సిన దగ్గర ఎడమ కాలికి, కుడికి తిరగాల్సిన దగ్గర కుడి కాలికి వైబ్రేషన్ వస్తుంది. ఆలోచన చాలా గొప్పది. ఫోను చెవిలో మాట్లాడుతుంటే బండి చప్పుడు వినబడదు. మాకు చెవులే ప్రాణం. దారి చెప్పే పని కాలికి అప్పగిస్తే చెవి ఖాళీగా ఉంటుంది.

కానీ అవి దారి చూపేవే తప్ప ఎదురుగా ఉన్న లారీ సంగతి చెప్పేవి కావు. మీ నాన్నగారికి దారి తెలుసు. తెలియనిది లారీ.

లారీ సంగతి చెప్పేది స్మార్ట్‌కేన్. ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ గారి బృందం, సక్షమ్ ట్రస్టు, చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ కలిసి 2014లో బయటికి తెచ్చారు. అప్పట్లో ధర సుమారు మూడు వేల రూపాయలు. మామూలు మడత కర్ర పైభాగానికి తగిలించే చిన్న పరికరం ఇది. మోకాలి నుంచి తల ఎత్తు దాకా ఉన్న అడ్డంకుల్ని పసిగట్టి పిడికి వైబ్రేషన్ ఇస్తుంది. ఇరుకు చోట్లకి, ఇంటి లోపలికి ఒక మోడు, వీధిలో మూడు మీటర్ల దాకా పనిచేసే మోడు ఇంకొకటి. అడ్డు దగ్గరయ్యే కొద్దీ వైబ్రేషన్ తీరు మారుతుంది.

నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. తెల్లకర్ర నేలనంతా చెబుతుంది గానీ నడుము పైన ఏముందో చెప్పలేదు. లారీ కింద ఖాళీ ఉంటుంది, కర్ర ఆ ఖాళీలోకి హాయిగా వెళ్లిపోతుంది, వెనకాలే ముఖం వెళ్లి తలుపుకి తగులుతుంది. కిటికీ బయట పెట్టిన ఏసీ డబ్బా, ఆటో అద్దం, జామకాయల బండి గొడుగు ఊచ, కిందికి వేలాడే కేబుల్ టీవీ తీగ, ఇవన్నీ ఈ జాతివే. తీగ మరీ సన్నగా ఉంటే స్మార్ట్‌కేన్‌కీ దొరకకపోవచ్చు. మిగతావి దొరుకుతాయి.

---

నాడి_చూసే_అమ్మ (గుంటూరు)

నేను ఫిజియోథెరపిస్టుని. కొనే ముందు ఒక్క సంగతి చూడండి బాబూ.

ఇరవై ఏళ్ల షుగరు అన్నారు. కంటి వెనక సన్నటి రక్తనాళాల్ని పాడుచేసిన షుగరే నరాల్నీ పాడుచేస్తుంది. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకి వెళ్లేవి కాబట్టి దెబ్బ ముందు బొటనవేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ముదిరితే చేతి వేళ్లకీ వస్తుంది. మా దగ్గరికి వచ్చినవాళ్లకి 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి ఎముక మీద ఆనిస్తాం. "అదురు ఆగిపోయాక చెప్పండి" అంటాం. చాలామంది అది ఇంకా అదురుతుండగానే ఆగిపోయిందంటారు. కొందరు అసలు మొదలే కాలేదంటారు. షుగరు నరాల జబ్బులో ముందుగా తగ్గే స్పర్శల్లో ఈ అదురు ఒకటి.

చర్మం లోతున పసీనియన్ అనే గ్రాహకాలుంటాయి. సెకనుకి 250 అదుర్ల దగ్గర అవి బాగా పట్టుకుంటాయి. ఫోను మోటర్లూ బ్యాండు మోటర్లూ ఇంచుమించు ఆ వేగంలోనే తిరగడానికి అదొక కారణం. వయసుతో ఆ గ్రాహకాలు తగ్గుతాయి, షుగరుంటే ఇంకా తగ్గుతాయి. రెటినోపతి ఉన్న మనిషికి కాలి చెప్పుతో దారి చెప్పాలనుకుంటే, చూపు పోగొట్టిన జబ్బే ఆ కబురు అందుకునే చోటునీ మొద్దుబార్చి ఉండొచ్చు. పరికరాలు అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తగా నేను వినలేదు. మన దగ్గర పెద్ద వయసులో చూపు తగ్గినవాళ్లలో షుగరు వాళ్లు ఎంతమందో!

ఇంట్లో ఇలా చూడండి. నాన్నగారిని పడుకోబెట్టి, ఫోను వైబ్రేషన్‌లో పెట్టి, చప్పుడు వినబడకుండా టీవీ వేసి, పాదం అడుగున, మడమ మీద, మణికట్టు మీద, అరచేతిలో, ఛాతీ మీద ఒక్కోచోట ఆనించండి. ఎక్కడ ఠక్కున చెబుతున్నారో రాసుకోండి. డాక్టరు చేసే పరీక్షకి ఇది బదులు కాదు. ఏ చోటికి పరికరం పెట్టకూడదో మాత్రం తెలుస్తుంది.

ఇంకొకటి. స్పర్శ తగ్గిన పాదం కింద గట్టి మోటరో బ్యాటరీ డబ్బానో ఉంటే ఒరుసుకుని పుండు పడినా ఆయనకి తెలియదు. షుగరు పాదానికి పుండు అంటే ఎంత దూరం వెళ్తుందో మీకు చెప్పక్కర్లేదు.

---

నేలకొండ (ఖమ్మం)

అమ్మా, చెప్పు అడుగున సన్నగా వైబ్రేషన్ ఇస్తే ముసలివాళ్లు తూలకుండా నిలబడతారని ఎక్కడో విన్నాను. అది నిజమేనా?

---

నాడి_చూసే_అమ్మ

నిజమే, కానీ అది వేరే సంగతి. బోస్టన్‌లో చేసిన ప్రయోగం 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మనిషికి తెలియనంత చిన్న అదురు, క్రమం లేకుండా పాదం కింద ఇస్తే పెద్దవాళ్ల ఊగిసలాట తగ్గింది. ఉన్న స్పర్శకి కాస్త ఊతమివ్వడం అది. కబురు చెప్పడం కాదు.

---

టంకం_పొగ (వరంగల్)

అన్నా నమస్తే. నేను ఈసీఈ చదువుతున్న. మా ప్రాజెక్టు గిదే, చేతికి కట్టుకునే అల్ట్రాసోనిక్ బ్యాండ్. కాలేజీల అందరు మెచ్చుకున్నరు గని నిజంగ కళ్లు కనబడనోళ్లు ఎవరు వాడి చూడలే. గందుకే ఈడ అడుగుతున్న.

లోపల ఉన్నది హెచ్‌సీ ఎస్ఆర్04 సెన్సరు. 40 కిలోహెర్ట్జ్ చప్పుడు పంపుతది, మనకు వినబడది. అది తగిలి తిరిగొచ్చిన టైము కొలిస్తే దూరం వస్తది. మూడు మీటర్ల దూరంల ఉన్న గోడకు పోయి రావడానికి సెకన్ల యాభయ్యో వంతు గూడ పట్టది. మోటరు నాణెం సైజుది. మొదట దాన్ని ఆర్డుయినో (అన్నిటిని నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు) పిన్నుకు నేరుగ కలుపుదామనుకున్నరు మా దోస్తులు, నేనే వద్దన్న. మోటరుకు డెబ్బై ఎనభై మిల్లీ ఆంపియర్లు కావాలె, పిన్ను నలభైకి మించి ఇయ్యలేదు. నడుమల ట్రాన్సిస్టర్, డయోడ్ పెట్టినం.

దూరాన్ని ఎనిమిది మెట్లు చేసి ఎనిమిది రకాల వైబ్రేషన్ పెట్టిన. గాజు తలుపును గూడ పడుతది, లేజరు సెన్సరు ఐతే గాజులకెళ్లి అవతలికి చూస్తది. ఇంక ఏం చేస్తే మంచిగైతదో జెప్పుండ్రి.

---

తెల్లకర్ర

> ఎనిమిది రకాల వైబ్రేషన్ పెట్టిన

తమ్ముడూ, చదివి సంతోషమేసింది. వాడేవాడిగా మూడు మాటలు చెబుతాను.

ఎనిమిది వద్దు, మూడు చాలు. దూరంగా ఉంది, దగ్గరికొచ్చింది, ఆగు. నడుస్తూ ఆరో మెట్టుకీ ఏడో మెట్టుకీ తేడా లెక్కపెట్టుకోవడం కుదరదు. ఆ లెక్కలో పడితే వెనక బస్సు హారను తప్పిపోతుంది. నాణెం మోటరు వేగం అందుకోవడానికి కూడా కొంత సమయం తీసుకుంటుంది కదా, చిన్న చిన్న తేడాలు అక్కడే కలిసిపోతాయి.

రెండోది, నడిచేటప్పుడు చెయ్యి ఊగుతుంది. ఊగినప్పుడల్లా నీ సెన్సరు ఒకసారి నేలని, ఒకసారి ఆకాశాన్ని చూస్తుంది. మణికట్టు బ్యాండు పనిచేయాలంటే చెయ్యి మడిచి ముందుకి చాపి నడవాలి. తల ఎత్తు అడ్డంకుల కోసమైతే ఛాతీ మీద పెట్టి చూడు. వైబ్రేషన్ మాత్రం మణికట్టుకే పంపు.

మూడోదే అన్నిటికంటే ముఖ్యం. ఏమీ లేనప్పుడు ఏమీ చెప్పకూడదు. సుల్తాన్ బజారులో నడిస్తే మూడు మీటర్లలో మనిషి లేని క్షణం ఉండదు. బ్యాండు ఆగకుండా అదురుతూనే ఉంటే కాసేపటికి చర్మం దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు అసలు ప్రమాదం వచ్చినా తెలియదు. రద్దీలో దూరం కుదించుకునే మీట ఒకటి పెట్టు. దాన్ని తడిమి గుర్తుపట్టేలా ఉంచు. నున్నటి టచ్ బటను మాకు పనికిరాదు.

---

ఉత్తర_దిక్కు (జర్మనీ)

నేను మెదడు మీద పరిశోధన చదువుకుంటున్నాను. టంకం గారికి పనికొస్తుందని ఒక పాత ప్రయోగం చెబుతాను.

1969లో పాల్ బాక్-ఇ-రీటా అనే శాస్త్రవేత్త అమెరికాలో ఒక పాత డెంటల్ కుర్చీ వీపు భాగంలో ఇరవై వరసలు, వరసకి ఇరవై, మొత్తం 400 అదిరే మొనలు బిగించాడు. టీవీ కెమెరా చూసే దృశ్యం ఆ మొనల అదురుగా మారి వీపు మీద పడుతుంది. పుట్టుకతో చూపు లేనివాళ్లు అందులో కూర్చుని సాధన చేశాక కుర్చీని, టెలిఫోనుని, ఎదుటి మనుషుల్ని గుర్తుపట్టారు. నేచర్ పత్రికలో వచ్చింది.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా అనిపించేది ఇంకొకటి. కెమెరాని వేరేవాళ్లు తిప్పుతుంటే కూర్చున్నవాళ్లకి వీపు మీద చక్కిలిగింత మాత్రమే తెలిసింది. తమ చేత్తో తిప్పుకున్నప్పుడే వస్తువు వీపు మీద కాక ఎదురుగా, అక్కడ ఉన్నట్టు తెలిసింది. ఒకసారి జూమ్ మీట హఠాత్తుగా కదిలితే, దృశ్యం పెద్దదై మీద పడుతున్నట్టు అనిపించి ఆ మనిషి చేతులు పైకెత్తి వెనక్కి జరిగాడు. అదురు వచ్చింది వీపు మీద. తప్పుకున్నది ఎదురుగా ఉన్నదాని నుంచి.

స్మార్ట్‌కేన్ విజయానికి మూలం కూడా ఇదేనని నా నమ్మకం. సెన్సరు కర్ర మీద ఉంది, కర్రని ఊపేది తన చెయ్యే. ఎటు ఊపితే అటు కబురు. టంకం గారూ, మీ పరికరం మనిషి తిప్పితే తిరిగేలా ఉండాలి, ఛాతీకి అంటించినా సరే మెల్లగా ఒళ్లు తిప్పి వెతకడం నేర్పాలి.

ఇక్కడ ఓస్నాబ్రుక్ విశ్వవిద్యాలయంలో పీటర్ కోనిగ్ గారి బృందం ఒక నడుము బెల్టు చేసింది. ఎటు తిరిగినా ఉత్తరం వైపున్న మోటరే అదురుతుంది. 2005లో తొలి ఫలితాలు వచ్చాయి. ఆరు వారాలు కట్టుకున్నవాళ్లలో కొందరు, ఊరి పటం తమ ఒంట్లోకి వచ్చినట్టుందన్నారు. ఇప్పుడు చూపు లేనివాళ్ల కోసం దాన్ని సంస్థగా పెట్టి తయారుచేస్తున్నారు. నేను ఒకసారి అలాంటి బెల్టు కట్టుకుని తిరిగాను. కాసేపటికి అదురు వెనక్కి వెళ్లిపోయి దిక్కు మాత్రం మిగిలింది.

---

చిన్నారి_అమ్మ (తిరుపతి)

మా పాపకు వినబడదు. ఈ చర్చ చూపు గురించే సాగుతోంది గానీ మాక్కూడా ఇదే బతుకు. దిండు కింద వైబ్రేషన్ అలారం, తలుపు బెల్లు కొడితే అదిరే చేతి గడియారం, ఇవే మా ఇంట్లో చెవులు. అమెరికాలో డేవిడ్ ఈగిల్‌మన్ అనే శాస్త్రవేత్త శబ్దాల్ని నాలుగు మోటర్ల అదురుగా మార్చే బ్యాండు తెచ్చారు. కుక్క మొరుగుడు వేరు, తలుపు చప్పుడు వేరు అని చర్మం నేర్చుకుంటుందట.

పరికరాలు రాకముందే మనుషులు ఈ దారి కనిపెట్టారు. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లు ఎదుటివారి పెదవి మీద బొటనవేలు, దవడ మీదా గొంతు మీదా మిగతా వేళ్లు ఆనించి మాట వినేవారు. ఆ పద్ధతి పేరు టడోమా. 1955లో మన దేశానికి వచ్చిన హెలెన్ కెల్లర్ కూడా అలా వేళ్లతోనే మాటలు అందుకునేవారు. మా పాప ఇప్పటికీ నేను పాడుతుంటే వచ్చి గొంతు మీద చెయ్యి పెడుతుంది.

---

పాత_కాపు (నెల్లూరు)

అందరూ కొత్తవాటి గురించి ఉత్సాహంగా చెబుతున్నారు. నేను పాతవాటి గురించి చెబుతాను.

1971లో ఆప్టకాన్ అని ఒకటి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ లిన్‌విల్ చూపు లేని తన కూతురి కోసం ఆలోచించింది. చిన్న కెమెరా అచ్చు కాగితం మీద జరుపుతుంటే, 144 సన్నటి మొనలు వేలి కింద అక్షరం ఆకారంలో అదిరేవి. బ్రెయిలీలోకి మార్చక్కర్లేకుండా మామూలు పుస్తకం, ఉత్తరం, చేతిలో పట్టుకుని చదువుకున్నారు జనం. 1996లో కంపెనీ తయారీ ఆపేసింది. తర్వాత విడిభాగాలు లేవు. దానితో చదవడం, ఉద్యోగం చేయడం నేర్చుకున్నవాళ్లు పాతవాటిని విప్పి భాగాలు కలుపుకుంటూ బతికించుకున్నారు. కంటి లోపల ఆర్గస్ అనే చిప్పు పెట్టించుకున్నవాళ్ల గతీ ఇంతే అయింది. కంపెనీ ఆ వ్యాపారం వదిలేసింది, చిప్పు కంట్లో ఉండిపోయింది.

అందువల్ల గౌతమి గారూ, కొనే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కంపెనీ మూతబడినా ఇది పనిచేస్తుందా? ఫోను యాప్ లేకుండా నడుస్తుందా? బ్యాటరీ మన ఊళ్లో ఎవరైనా మార్చగలరా? యాప్ ఆగిపోతే ఆగిపోయే బ్యాండు ఎంత అందంగా ఉన్నా నేను మా వాళ్లకి కొననివ్వను. మనిషి నడకని ఎక్కడో ఉన్న సర్వరుకి కట్టేయడం అన్యాయం.

---

టంకం_పొగ

పాతకాపు సార్, నా బ్యాండ్‌కు యాప్ లేదు. సర్క్యూటు బొమ్మ అందరికి ఇస్త. ఏ ఊర్లనైన సెల్‌ఫోన్ రిపేరు చేసేటోడు బాగు చేసుకోవచ్చు.

---

దారి_టీచరు (విశాఖపట్నం)

నేను మొబిలిటీ శిక్షణ, అంటే చూపు లేనివాళ్లకి సొంతంగా నడిచి తిరగడం, నేర్పుతాను. నాన్నగారు కర్ర ఎందుకు వద్దంటున్నారో మా దగ్గరికొచ్చే ప్రతి ఇంట్లోనూ వింటాను. నడివయసు దాటాక చూపు పోయినవాళ్లకి కర్ర పట్టుకోవడమంటే ఊరందరికీ చెప్పుకోవడమే. అది చిన్న బాధ కాదు. దాన్ని తోసేయకండి.

అయినా సరే, కనబడని పరికరం ఒక్కటే ఇచ్చి పంపడానికి నేను ఒప్పుకోను. కారణం ఒక్కటే, గుంట. చప్పుడు పంపి తిరిగొచ్చేదాన్ని కొలిచే పరికరానికి, మూత లేని మ్యాన్‌హోల్ దగ్గర తిరిగొచ్చేదేమీ లేదు. ముందు ఏమీ లేదు, వెళ్లమంటుంది. కింద ఏమీ లేదని చెప్పగలిగేది కర్ర చివర మాత్రమే. తెలిసిన దారి అంటున్నారు, తవ్వకం పని పడితే తెలిసిన దారి రాత్రికి రాత్రే మారిపోతుంది. ఇంకో కారణం, తెల్లకర్ర ఆయనకి చెప్పడమే కాదు, ఎదుటి బండివాడికి కూడా చెబుతుంది. బ్యాండు చూసి ఎవడూ బ్రేకు వేయడు.

రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికా సైనికులకి నేర్పడానికి రిచర్డ్ హూవర్ పెట్టిన పద్ధతినే మేం ఇప్పటికీ నేర్పుతాం. కర్ర రొమ్ము ఎముక దాకా ఉండాలి. ఎడమ కాలు వేసేటప్పుడు కర్ర కొన కుడివైపు, కుడి కాలు వేసేటప్పుడు ఎడమవైపు తాకాలి. అంటే తర్వాతి అడుగు పడే చోటుని కర్ర ముందే తాకేస్తుంది. లెక్కల మాస్టారికి ఈ లెక్క నచ్చుతుంది, అలా చెప్పి చూడండి.

స్పర్శతో దారి చెప్పడం పరికరాల్లోనే ఉండాలని లేదు. మెట్రో స్టేషన్లలో పసుపు పలకలు చూసే ఉంటారు. నిలువు గీతలుంటే ముందుకి సాగమని, బొడిపెలుంటే ఆగమని. జపాన్‌లో సెయిచి మియాకె కనిపెట్టారు, 1967లో ఒకయామాలో మొదట పరిచారు. వాటికి బ్యాటరీ లేదు, ఛార్జింగు లేదు. మన దగ్గర వాటిని వేసి, వాటి మీదే పూలకుండీలూ బైకులూ పెడుతున్నారు. ఈ మాట చెప్పకుండా ఉండలేను.

---

గౌతమి_గట్టు

అందరికీ చేతులెత్తి నమస్కారం. అమ్మగారు చెప్పినట్టు ఫోనుతో చూశాను. పాదం అడుగున, వేళ్ల దగ్గర, నాన్నగారికి అసలు తెలియలేదు. మడమ పైన కొంచెం. మణికట్టు మీదా అరచేతిలోనూ వెంటనే చెప్పారు. డాక్టరు దగ్గర పాదాల పరీక్షకి కూడా రాయించాను. చెప్పుల ఆలోచన ఇక లేదు.

దారి టీచరు గారు రాసింది మొత్తం ఆయనకి చదివి వినిపించాను. హూవర్ లెక్క దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. వసారాలో గొడుగుతో అటూ ఇటూ వేసి చూశారు. ఒప్పుకున్నానని మాత్రం ఇంకా అనలేదు. తెల్లకర్ర మాస్టారితో ఫోనులో మాట్లాడతానన్నారు, మీకు వీలవుతుందా? ఇంకో రెండు సందేహాలు. స్మార్ట్‌కేన్ వానలో పనిచేస్తుందా? మామూలు కర్ర ముందు నేర్చుకోవాలా, నేరుగా దీనితోనే మొదలుపెట్టొచ్చా?

---

తెల్లకర్ర

తప్పకుండా మాట్లాడతాను. నంబరు మెసేజిలో పంపండి, సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ.

జోరు వానలో నేను పరికరం తీసేసి సంచిలో పెట్టుకుని ఉత్త కర్రతో నడుస్తాను. తగిలించుకునేదే కాబట్టి ఇబ్బంది లేదు. అది తీసినా కర్ర కర్రే. పాతకాపు గారి ప్రశ్నకి కూడా ఇదే నా జవాబు. రెండో సందేహం టీచరు గారే చెప్పాలి.

---

దారి_టీచరు

ముందు ఉత్త కర్ర. ఇంటి వసారా, తర్వాత వీధి, తర్వాత గట్టు. కొన చెప్పేది చేతికి అలవాటయ్యాక పరికరం తగిలించి మొదట చిన్న దూరం మోడులోనే పెట్టండి. ఆపి ఉన్న లారీ ఒకటి చూసుకుని, పక్కన మీరుండి, అదురు మొదలైన చోట ఆగి చెయ్యి చాపి తలుపుని తాకమనండి. రోజుకొక కొత్త వస్తువు. కొమ్మ, షెడ్డు అంచు, గేటు. ఏ అదురుకి ఏది, ఎంత దూరంలో ఉందో ఆయన చేతికే తెలుస్తుంది. పరికరం బరువు పైన పడుతుంది కాబట్టి మణికట్టు మొదట్లో నొప్పి పెడుతుంది, తక్కువ సేపుతో మొదలుపెట్టండి. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా మాత్రం సాధనకి దింపకండి.

---

టంకం_పొగ

తెల్లకర్ర సార్, మూడు మెట్లకు మార్చిన. సెన్సరును బొత్తాం లెక్క చొక్కాకు పెట్టేటట్టు చేస్తున్న. సెలవులల్ల హైదరాబాద్ వస్త, మీరు ఒకసారి వేసుకుని నడిచి చూస్తరా?

---

తెల్లకర్ర

రా తమ్ముడూ. సుల్తాన్ బజారులోనే నడుద్దాం. మీట గరుకుగా పెట్టడం మరిచిపోకు.